నా చేతి ముద్ద

నా కోడలు జ్యోతిర్మయికి నేనంటే పడదు. నాకూ ఆవిడంటే పడదు, ఇందులో దాచేదేమీ లేదు. మంగళగిరిలో మగ్గాల ఇంటి పిల్ల. మాట మెత్తన, నడక మెత్తన, లోపల మాత్రం ఇనపముక్క. పెళ్ళైన ఏడాదికే మా ఊరి బడిలో విద్యా వాలంటీరుగా చేరింది. తొమ్మిదయ్యేసరికి చంటిపిల్లని నా ఒళ్ళో పెట్టి పోతుంది, నాలుగున్నరకి వస్తుంది. వచ్చీరాగానే, కాళ్ళు కూడా కడుక్కోకుండా, పిల్లకి వండిన గిన్నె మూత తీసి చూస్తుంది. ఎంత మిగిలిందో చూడటమన్నమాట. అత్తగారి మీద తనిఖీ.

రెండువేల మూడు ఫిబ్రవరిలో ఆ గిన్నెలో వండింది వండినట్టే మిగిలేది.

నా మనవరాలు శ్రీదివ్యకి అప్పుడు పదకొండు నెలలు. జనవరి ఆఖర్లో జ్వరం, విరేచనాలు పట్టుకుంటే పిడుగురాళ్ళ తీసుకెళ్ళి నాలుగు రోజులు సెలైను ఎక్కించారు. నోరంతా పూసింది. ఇంటికొచ్చేసరికి బొద్దుగా ఉండే పిల్ల కాస్తా కళ్ళు మాత్రమే మిగిలిన పిల్లయింది. మెత్తగా వండి కొంచెం కొంచెం పెట్టండి, వారంలో ఆకలి దానంతటదే వస్తుంది అన్నాడు డాక్టరు. నోటి పూత అయిదు రోజుల్లో మానింది. వారం పోయింది, రెండో వారం పోయింది, ఆకలి మాత్రం రాలేదు.

రాలేదంటే, పాలు తాగేది. సీసాతో ఇచ్చినా తాగేది, తల్లి దగ్గరా తాగేది. అన్నం ముద్ద కనపడితే చాలు, పెదాలు బిగించి మొహం అటు తిప్పేసుకునేది. బలవంతాన లోపలికి పెడితే ఒళ్ళంతా విల్లులా వంచి అరిచేది. ఆ అరుపు వినలేక మా ఆయన యలమందయ్య కండువా భుజాన వేసుకుని పొలానికి వెళ్ళిపోయేవాడు. నేను వదిలే రకం కాదు. పిల్లని ఒళ్ళో అడ్డంగా పడుకోబెట్టుకుని, ఎడంచేత్తో దవడ పట్టుకుని, కుడిచేత్తో పెసరపప్పు అన్నం, నెయ్యి, ఉప్పు కలిపి గుజ్జుగా పిసికి, వేలితో నాలిక మీదుగా వెనక్కి తోసేదాన్ని. ముందు నాలిక మీద పాచి కూడా ఆ వేలితోనే గీసేదాన్ని. మా వైపు అందరం అంతే చేస్తాం. దిష్టేమోనని రోజూ ఏడు ఎండుమిరపకాయలు, ఉప్పు గుప్పిట పట్టి చుట్టూ తిప్పి పొయ్యిలో వేసేదాన్ని. ఆ తర్వాత చేతులు కడుక్కుని పిల్లకి పెట్టడానికి కూర్చునేదాన్ని. ఏది చేసినా పిల్ల మింగేది తక్కువ, కక్కేది ఎక్కువ.

మా ఇద్దరికీ కావలసినంత గొడవ దొరికింది.

"నువ్వు పాలు మాన్పించనిదే అది తినదు," అన్నాను ఒకరోజు. "పొద్దున్నా సాయంత్రం కడుపునిండా పాలు పట్టి నా దగ్గర పడేసి పోతావు. దానికి అన్నం ఎందుకు సయిస్తదీ?"

"పాలు కూడా మాన్పిస్తే ఏం తాగి బతుకుతుందండీ?" అంది జ్యోతి. అండీ ఒకటి, గౌరవానికి. "మీరు పెట్టేటప్పుడు అన్నంలో కారం ఏమన్నా తగుల్తుందా అత్తయ్యా? అట్లా అరుస్తుంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. పదకొండు నెలల పిల్లకి కారం పెట్టేంత బుద్ధిలేని దాన్నా నేను? గిన్నె తెచ్చి ఆవిడ ముందు ధడాలున పెట్టాను. తిని చూడమన్నాను. ఆవిడా తగ్గలేదు, చెంచాతో తీసుకుని నోట్లో వేసుకుని, చప్పరించి, మింగింది. కారం లేదు. ఎక్కడుంటుంది? గిన్నెలో ఉన్నది వండిన అన్నం. నేను పిసికి కలిపిందంతా అప్పటికే కోళ్ళకి వేసేశాను. ఆ తేడా ఆ రోజు ఆవిడకీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

"వీరబాబు ఈ చేతి ముద్ద తినే అంతవాడయ్యాడు," అన్నాను చెయ్యి చూపించి. "నువ్వు నాకు నేర్పబాకు."

నా కొడుకు వీరబాబు అక్కడే కూర్చుని ఉన్నాడు. అటు పెళ్ళాం మొహం చూడలేదు, ఇటు నా మొహం చూడలేదు. నిమ్మకు నీరెత్తినట్టు మజ్జిగన్నం తిని లేచి పోయాడు. వాడెప్పుడూ అంతే.

గురువారం గురువారం మా వీధికి నర్సమ్మ దేవకుమారి వస్తుంది. పిల్లల్ని సంచీలో వేసి, దూలానికి తగిలించిన కాటాకి వేలాడదీసి తూస్తుంది. జబ్బుకి ముందు శ్రీదివ్య ఏడున్నర కేజీలు. ఆ గురువారం ఆరు తొమ్మిది వందలు. దేవకుమారి ముల్లు వైపు రెండుసార్లు చూసింది.

"ఇంకో వారం చూస్తానమ్మా," అంది. "వచ్చే గురువారానికి ఇంక వంద గ్రాములు తగ్గినా గుంటూరు తీసుకుపోవాల. అక్కడ ముక్కులోంచి గొట్టం వేసి పెడతారు."

గొట్టం మాట విని పిల్లని సంచీలోంచి నేనే లాక్కున్నాను. ఆ రాత్రి జ్యోతి గదిలో ఏడవడం నాకు వినపడింది. ఏడుస్తోందని జాలి కలగలేదు. ఇదంతా నీ వల్లే అని పైకి అనలేదు గానీ, మనసులో అనుకున్నాను. అవతల గదిలో ఆవిడా అదే అనుకుని ఉంటుంది.

ఇక్కడ కల్లం సంగతి చెప్పాలి. పొలం మా ఆయనది, కల్లం నాది. కోసిన మిరపకాయ పట్టాల మీద పరిచిన రోజు నుంచి బస్తాలు గుంటూరు యార్డుకి పోయే రోజు దాకా అక్కడ నా మాటే చెల్లుతుంది. పొద్దున పిల్లని ఉయ్యాల్లో నిద్రపుచ్చి, మా ఆయన్ని కాపలా పెట్టి, రెండిళ్ళ అవతల ఉన్న కల్లానికి పోతాను. కూలోళ్ళతో పాటు కూర్చుని తాలుకాయలు ఏరతాను. తెల్లబారిన కాయ ఒక్కటి ఎర్రకాయలో కలిసినా నా కంటికి ఆనుతుంది. పదకొండింటికి ఇంటికొచ్చి, సబ్బుతో చేతులు మోచేతుల దాకా రుద్ది కడుక్కుని, పిల్లకి పెడతాను. ఆ ఏడాది కాయ కల్లానికి చేరిందీ, పిల్ల ఆస్పత్రి నుంచి వచ్చిందీ ఒకటే వారం. జబ్బుకి ముందు నా చేత్తోనే చక్కగా తిన్న పిల్ల ఇప్పుడు తినట్లేదంటే జబ్బే కారణం అనుకున్నాం. కల్లం ఎవరికి గుర్తొస్తుంది? మాకు మిరపకాయ గాలి లాంటిది.

ఆదివారం మధ్యాహ్నం గాజుల రహిమున్నీసా వచ్చింది. దాచేపల్లి నుంచి బుట్ట నెత్తిన పెట్టుకుని వస్తుంది, ఇరవై ఏళ్ళుగా నా చేతికి గాజులు తొడిగేది ఆవిడే. జ్యోతి ఇంట్లోనే ఉంది, పిల్లని చంకనేసుకుని గడపలో నిలబడింది. నేను అరుగు మీద కూర్చుని చెయ్యి చాపాను. కల్లం నుంచి వచ్చి, కడుక్కుని, పిల్లతో ఓ గంట కుస్తీ పట్టి, మళ్ళీ కడుక్కుని కూర్చున్న చెయ్యి అది.

నా చెయ్యి ముదురు చెయ్యి, గాజు ఓ పట్టాన ఎక్కదు. రహిమున్నీసా కణుపులు నొక్కి, బొటనవేలు లోపలికి మడిచి, అరచెయ్యంతా పిసికి పిసికి డజను ఎక్కించింది. చెమట పడుతోందని వేలితో కన్ను తుడుచుకుంది. మరుక్షణం కన్ను పట్టుకుని కూర్చుండిపోయింది.

"అమ్మో, కారం చేతుల్తో కూచున్నారా రాజ్యమ్మగారూ?"

"లేదే. ఇందాకే కడిగా. సబ్బుతో కడిగా."

"ఎన్నిసార్లు కడిగితే ఏంది," అంది ఆవిడ కళ్ళు మూసుకుని, కొంగు ఒత్తుకుంటూ. "కల్లాల రోజుల్లో ఈ ఊరి ఆడోళ్ళ చేతులు పట్టుకుంటే నాకు సాయంత్రం దాకా మంటే. మీ చెయ్యి మీకు తెలవదు. తోలు మొద్దుబారిపోయుంటది."

నేను ఏదో అనబోతున్నాను. జ్యోతి గడప దిగి వచ్చింది. పిల్లని కింద కూర్చోబెట్టింది. నా కుడిచెయ్యి పట్టుకుంది. పెళ్ళైన రెండేళ్ళలో ఆవిడ నన్ను ముట్టుకోవడం, కాళ్ళకి దణ్ణం పెట్టినప్పుడు తప్ప, అదే. నా చూపుడువేలు ఎత్తి, ఏమాత్రం ఆలోచించకుండా, తన నోట్లో పెట్టుకుంది. నేను పిల్లకి పెట్టినట్టే, నాలిక మీద, వెనకదాకా.

కొంచెం సేపు ఏమీ కాలేదు. ఆ తర్వాత ఆవిడ కళ్ళలో నీళ్ళు వచ్చాయి. ముక్కు ఎర్రబడింది. దగ్గింది. నా వేలు వదిలేసి, రహిమున్నీసా ముందే, నా మొహంలోకి చూసింది. అలా చూడటం కన్నా చెంపదెబ్బ కొట్టినా బాగుండేది.

"ఇరవై రోజులు," అంది.

"నాకేం తెలుసు?"

"మీకు తెలీదనే చెప్తున్నా. నోటి పూత మానకముందు మొదలుపెట్టి ఇరవై రోజులు ఈ వేలు పెట్టారు. మీరు కావాలని చేసుంటే నేను మా ఊరు వెళ్ళిపోయి ఊరుకునేదాన్ని. ప్రేమతో చేశారు, నన్నేం చెయ్యమంటారు?"

ఆ మాటకి గొంతు పెంచాను. మేము నలభై ఏళ్ళుగా మిరపకాయ ఏరుతున్నాం, ఊళ్ళో పిల్లలందరూ చచ్చారా, మీ మగ్గాల వాళ్ళకేం తెలుసు అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. నోటికి ఎంతొస్తే అంత. అవన్నీ ఇప్పుడు రాయడానికి నాకే బాగాలేదు. రహిమున్నీసా డబ్బు కూడా అడక్కుండా బుట్ట ఎత్తుకుని పోయింది. జ్యోతి పిల్లని ఎత్తుకుని లోపలికి పోయి, పిల్ల గిన్నె, పళ్ళెం, చెంచా తీసుకెళ్ళి తన గదిలో అలమర్లో పెట్టి గొళ్ళెం వేసింది. సాయంత్రం వీరబాబు వస్తే ఒకటే మాట చెప్పింది.

"అత్తయ్య దివ్య అన్నం జోలికి రాకూడదు. నేను వారం సెలవు పెడుతున్నాను."

"అమ్మ కావాలని చేసిందా ఏందే?" అన్నాడు వాడు.

వాడు స్నానానికి పోయాడు.

సోమవారం పొద్దున నేను కల్లానికి పోయి కూలోళ్ళ మీద పడ్డాను. తాలుకాయలు కలిపేస్తున్నారని, మాటలు ఎక్కువయ్యాయని. ఎవరూ ఎదురు చెప్పలేదు, ఊళ్ళో అప్పటికే అందరికీ తెలిసిపోయి ఉంటుంది. కాసేపటికి మార్తమ్మ, పదేళ్ళుగా నా దగ్గర పనిచేసే మనిషి, తల ఎత్తకుండా అంది.

"మేం చంటిబిడ్డలకి పెట్టేముందు చేతులకి ఆముదం పట్టిచ్చి, బియ్యప్పిండితో రుద్ది కడుక్కుంటామమ్మా. నీళ్ళకి, సబ్బుకి పోదది. అయినా వేలితో పెట్టం, చెంచాతోనే. మీకు తెలుసనుకున్నాం. వీరబాబుగారిని పెంచారు గదా."

"పని చూడు," అన్నాను.

కానీ నాకే పని సాగలేదు. పదేళ్ళు పక్కనే కూర్చుని కాయలు ఏరిన మనిషికి తెలిసింది నాకు తెలియలేదు. అది తెలియకుండా ఉండటానికి ఒక కారణం ఉంది. ఆ కారణం నేను ఎవరికీ చెప్పేది కాదు. లేచి ఇంటికి వచ్చి మా ఆయనతో ఈ ఏడాది కల్లం నువ్వు చూసుకో అన్నాను. ఆయన నా మొహం చూసి ఎందుకని అడగలేదు.

ఆముదం పట్టించి, పిండితో రుద్ది, కందిపోయేదాకా కడిగిన చేతులు తీసుకెళ్ళి జ్యోతి ముందు చాపాను. ఆవిడ చేతులు చూడలేదు. "వద్దత్తయ్యా," అంది, అంతే.

పోనీ ఆవిడ చెంచాతో పెడితే పిల్ల తిందా అంటే అదీ లేదు. సోమవారమంతా చూశాను. చెంచా కనపడితే పెదాలు బిగుసుకునేవి. పాట పాడింది, కాకిని చూపించింది, అద్దం ముందు కూర్చోబెట్టింది. పిల్లకి అన్నం అంటేనే మంట అని నాటుకుపోయింది, అది ఎవరి చేతిలో ఉన్నా ఒకటే. నిజం చెప్పాలంటే, మొదటిసారి ఆవిడ చెంచా పిల్ల విసిరికొట్టినప్పుడు నాకు లోపల సంతోషం కలిగింది. రెండోసారి కలగలేదు. మూడోసారి పిల్ల మెడ దగ్గర ఎముక చూసి భయం వేసింది. గురువారం ఇంక మూడు రోజులే.

మంగళవారం మధ్యాహ్నం జ్యోతి ఓడిపోయింది. పప్పన్నం ఉన్న పళ్ళెం నేల మీద పెట్టి, గోడకి ఆనుకుని, మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. పిల్లని పక్కన వదిలేసింది. నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. రమ్మని పిలిచే దిక్కు లేదు, అయినా అక్కడే ఉన్నాను.

పిల్ల పాక్కుంటూ పళ్ళెం దగ్గరికి వెళ్ళింది. కాసేపు చూసింది. అరచెయ్యి మొత్తం అన్నంలో పెట్టి తీసింది. వేళ్ళకి అంటుకున్న మెతుకుల్ని చూసుకుంది. చెయ్యి నోటిదాకా తెచ్చి ఆగింది. నాలిక కొస బయటపెట్టి ఒక మెతుకు ముట్టుకుంది, భయపడుతూ. మండలేదు. మళ్ళీ ముట్టుకుంది.

నాకు తెలియకుండానే ముందుకి అడుగు వేశాను.

"ముట్టుకోకండి," అంది జ్యోతి తల ఎత్తకుండానే, పళ్ళ మధ్య నుంచి. ఎప్పటి నుంచి చూస్తోందో.

పిల్ల రెండు మెతుకులు మింగింది. జ్యోతి ఇంక ఆగలేక చెంచా తీసుకుంది. చెంచా చూడగానే పిల్ల మొహం తిప్పేసి, చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నువ్వూ ముట్టుకోబాకు," అన్నాను.

ఆవిడ చెంచా కింద పెట్టేసింది. పళ్ళేనికి అటు ఆవిడ, ఇటు నేను, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. పిల్ల అరగంట పట్టి, జుట్టుకి, చెవులకి, నేలకి పూసుకుంటూ, నాలుగు ముద్దల పాటి అన్నం తన చేత్తో తను తింది. ఆ అరగంటలో ఎన్నిసార్లు నా చెయ్యి లేచిందో, ఎన్నిసార్లు కూర్చోబెట్టుకున్నానో నాకే తెలుసు.

బుధవారమూ అంతే. గురువారం దేవకుమారి కాటా తగిలించింది. సంచీలో పిల్ల ఊగుతుంటే మేమిద్దరం ముల్లు వంకే చూశాం. ఆరు తొమ్మిది వందల దగ్గర ఆగింది. తగ్గలేదు. గుంటూరు అక్కర్లేదు, ఇట్టాగే తిననియ్యండి అని రాసుకుని వెళ్ళిపోయింది దేవకుమారి.

జ్యోతి పిల్లని కూర్చోబెట్టి, పళ్ళెం ముందు పెట్టి, నాకు ఎదురుగా కూర్చుంది. భయం పోయింది కదా, ఇన్నాళ్ళ కసి బయటికి వచ్చింది.

"మీ అబ్బాయికి కూడా ఇట్లాగే పెట్టారా?" అంది. "ఆయన ఎట్లా బతికారో మరి."

వారం కిందట అయితే ఇల్లు పీకి పందిరి వేసేదాన్ని. ఆ రోజు నాకు అబద్ధం ఆడే ఓపిక లేకపోయింది.

"పెట్టలా," అన్నాను. "వాడికి నాలుగేళ్ళొచ్చిందాకా నా చేత్తో ఒక్క ముద్ద పెట్టలా. మా అత్త పెట్టనిచ్చేది కాదు. నేను కంచం ముందు కూచుంటే లాగేసుకునేది. నీ చెయ్యి బిడ్డకి పనికిరాదు, కల్లానికి పో అనేది. నలుగురిలో అనేది. వాడు అమ్మా అని నా దగ్గరికొస్తే కూడా ఎత్తుకుపోయేది."

జ్యోతి వింటోంది. పిల్ల మెతుకులు ఏరుకుంటోంది.

"ఎందుకో ఒక్కనాడు చెప్పలా. నా చెయ్యి అచ్చిరానిదని ఊరంతా అనుకున్నారు. నేనూ అదే అనుకున్నా. ఆమె పోయినప్పుడు నా కంట్లో చుక్క నీరు రాలా. దివ్య పుట్టినప్పుడు అనుకున్నా, ఇదన్నా నా చేతి ముద్ద తింటదని."

అంత మాట నేను ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్న మనిషికి కూడా చెప్పలేదు. జ్యోతి కాసేపు నా చేతుల వంక చూసింది. జాలి పడుతుందేమోనని నాకు భయం వేసింది.

"మంచి పని చేసింది ఆవిడ," అంది.

లేచి జుట్టు పట్టుకోవాల్సిన మాట. లేవలేదు. అది నిజమని నాకు ఆదివారం నుంచే తెలుసు, ఒప్పుకోవడానికి మనసు రాలేదంతే. ముప్పై ఏళ్ళు ఆ ముసల్దాన్ని తిట్టుకుంటూ బతికాను. ఆమె నా కొడుకు నోరు కాచింది. చెప్పే పద్ధతి తెలియక నన్ను కుక్కని తరిమినట్టు తరిమింది, కానీ కాచింది. ఆమె మీద పెంచుకున్న కోపమంతా ఇప్పుడు ఏం చేసుకోవాలో తెలియలేదు. ఎదురుగా ఉన్న కోడలి మీద పెట్టుకుందామంటే, అది కూడా ఆమె చేసిన పనే చేస్తోంది. కాకపోతే ఇది ఎందుకో మొహం మీదే చెప్పింది.

"ఆముదం, బియ్యప్పిండితో పోతదంట," అన్నాను చివరికి. "రేపు నీ చేతికి అంటినా గుర్తుపెట్టుకో."

"సరే అత్తయ్యా. మీరు మాత్రం వద్దు. కాయలు యార్డుకి పోయినా వద్దు."

"ఎన్నాళ్ళు?"

"అది అడిగిందాకా."

పదకొండు నెలల పిల్ల నోరు తెరిచి అడగాలంటే ఇంకా ఏడాది పడుతుంది. నేను సరే అన్నాను. ఆ ఇంట్లో కోడలి మాటకి నేను సరే అనడం అదే మొదటిసారి, నా గొంతు నాకే కొత్తగా వినపడింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, పిల్ల తినేదాకా అక్కడే కూర్చున్నాను.